‘పిల్లల హత్య ఆపండి’

అక్టోబరు. నెదర్లాండ్స్ దక్షిణాన, బ్రబాంట్ ప్రాంతంలో ఆ నెలకే చలి మొదలైపోతుంది. తెల్లారినా వెలుతురు సరిగా ఉండదు. పొలాల మీద పొగమంచు. రాలిన ఆకులు తడి రోడ్డుకు అంటుకుపోయి ఉంటాయి.

హెల్‌ఫోర్ట్ అనే చిన్న ఊరు. ఆరేళ్ళ పాప సైకిలెక్కింది. బడికి.

అందులో వింతేం లేదు. ఆ దేశంలో పిల్లలు అలాగే వెళ్తారు. వాళ్ళ అమ్మలూ అలాగే వెళ్ళారు, అమ్మమ్మలూ అలాగే వెళ్ళారు. కాకపోతే అమ్మమ్మల కాలంలో ఆ దారిలో గుర్రపు బండి ఎదురయ్యేది, పాలబండి ఎదురయ్యేది, ఎప్పుడో ఒకసారి డాక్టరుగారి కారు ఎదురైతే పిల్లలంతా ఆగి చేతులూపేవాళ్ళు. ఇప్పుడలా కాదు. ఇప్పుడు రోడ్డు నిండా కార్లే. వాటికి తొందరెక్కువ.

కారొకటి వచ్చింది. వేగంగా.

పాప బడికి చేరలేదు.

అది 1971. కారు నడిపిన మనిషికి పడిన శిక్ష కొద్దిపాటి జరిమానా. అంతే. ఫైలు మూసేశారు. ఆ ఏడాది ఆ దేశపు రోడ్ల మీద చనిపోయిన పిల్లలు నాలుగు వందలకు పైమాటే. దేశం మొత్తం జనాభా కోటీ ముప్పై లక్షలు. రోజుకొకరు, కొన్ని రోజులైతే ఇద్దరు. పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసేవాళ్ళు, చదివినవాళ్ళు ‘అయ్యో’ అని పేజీ తిప్పేవాళ్ళు.

ఈసారి మాత్రం ఒక తేడా ఉంది. పాప తండ్రి విక్ లాంగెన్‌హోఫ్ పత్రికా రచయిత.

ఉత్తరాన, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకో కథ నడుస్తోంది.

‘డి పైప్’ అని పాత పేట. పంతొమ్మిదో శతాబ్దంలో కష్టజీవుల కోసం కట్టిన ఇళ్ళు. గోడకి గోడ అతుక్కుని, ఒకదాని మీద ఒకటి అంతస్తులు. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. గదులు ఇరుకు. వాన పడితే పిల్లలంతా లోపలే. వాన ఆగితే వీధి ఒక్కటే దిక్కు. ఆ వీధికి అటూ ఇటూ కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో మిగిలిన సందులోంచి ఇంకొన్ని కార్లు హారన్ కొట్టుకుంటూ దూసుకెళ్తున్నాయి.

1972లో ఆ పేటలో ఒక బడి పిల్లలు తిరగబడ్డారు. నిజంగానే. మా వీధి మూసేయండి, మేం ఆడుకోవాలి అన్నారు. వీపీఆర్‌ఓ టెలివిజన్ వాళ్ళు కెమెరా తీసుకొచ్చి వాళ్ళ వెనకాలే తిరిగారు.

ఒకరోజు పిల్లలే వీధికి అడ్డం కట్టేశారు. కొయ్యలు, బోర్డులు, చేతికి దొరికినవన్నీ. క్షణంలో వీధి మారిపోయింది. బంతులు ఎగిరాయి. గోల మొదలైంది. ఆడవాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూశారు.

అంతలో కారు వచ్చి ఆగింది. హారన్. మళ్ళీ హారన్. తలుపు తెరుచుకుంది.

దిగిన మనిషి పిల్లలతో మాట్లాడలేదు. అడ్డంగా ఉన్నవాటిని లాగి పక్కకి పారేయబోయాడు. పెద్దవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కేకలు. తోపులాట. కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళింది. రోడ్డు ఎవడబ్బ సొమ్మన్న తగువులో రెండు వైపులా ఊగిపోతుంటే, పిల్లలు గోడకి ఆనుకుని, తాము అడిగిన చిన్న కోరికకి పెద్దవాళ్ళ మొహాలు ఎందుకంత ఎర్రబడ్డాయో అర్థంకాక నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడ్డారు. కెమెరా ఆగలేదు. అంతా రీలులోకి ఎక్కింది.

ఆ సినిమా టీవీలో వచ్చింది. పేరు ‘డి పైప్ పిల్లల తరఫున’. ఇళ్ళలో సోఫాల్లో కూర్చున్న దేశం మొదటిసారి ఆ కారాయన మొహం చూసింది. కొంతమందికి అది తమ మొహంలాగే కనిపించింది.

సెప్టెంబరు 20, 1972. ‘డి టైడ్’ దినపత్రిక.

లాంగెన్‌హోఫ్ రాసిన వ్యాసం అచ్చయింది. పాప పోయి పదకొండు నెలలు. కన్నీళ్ళు పెట్టించే రాత కాదది. నిప్పులు కక్కే రాత. వంద కిలోమీటర్ల సైకిలు బాట కంటే ఒక్క కిలోమీటరు హైవేనే ఈ దేశానికి ముద్దు అన్నాడాయన. రోజూ పిల్లలు చస్తుంటే మొద్దుబారిపోయి కూర్చున్నాం, తల్లిదండ్రులూ టీచర్లూ పిల్లలూ కలిసి ఒక బృందం కడదాం రండి అన్నాడు.

ఆ బృందానికి ఆయన పెట్టిన పేరే హెడ్డింగులోకి ఎక్కింది. ‘స్టాప్ డి కిండర్‌మోర్ట్’. పిల్లల హత్య ఆపండి.

ప్రమాదం అనలేదు. దురదృష్టం అనలేదు. హత్య అన్నాడు. కాఫీ కప్పులు చేతిలో ఆగిపోయే మాట.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్ట్యె ఫాన్ పుట్టెన్ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఒక్కేళ్ళు. పసిబిడ్డ తల్లి. తన పేటలోనే పిల్లలు కార్ల కింద పడి గాయపడడం కళ్ళారా చూసింది. రోడ్లు వెడల్పు చేయడానికి నగరంలో ఇళ్ళకి ఇళ్ళు కూల్చేయడం చూసింది. ఆవిడకి భయం పోయి కోపం వచ్చింది. ఆ బృందానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే అయింది.

కోపమైతే ఉంది. అవతల ఉన్నది ఎవరు?

అవతల ఉన్నది చిన్న శత్రువేం కాదు.

భీమిలిలో, బందరులో సమాధులు వదిలిపోయిన డచ్చివాళ్ళని తలుచుకుంటే మనకి ఓడలు గుర్తొస్తాయి. ఇప్పటి డచ్చివాళ్ళంటే సైకిళ్ళు గుర్తొస్తాయి. వాళ్ళు పుట్టుకతోనే సైకిలు మీద పుట్టారనుకుంటాం. శుద్ధ అబద్ధం. యుద్ధం ముగిశాక జేబులో డబ్బులాడగానే ఆ దేశం కూడా అందరిలాగే కారు వెంట పడింది. సైకిళ్ళ వాడకం ఏటికేడాది పడిపోతూ వచ్చింది. చర్చి ముందున్న ఖాళీ జాగాలు, సంత మైదానాలు పార్కింగు స్థలాలైపోయాయి.

1954లో ఆమ్‌స్టర్‌డామ్ పోలీసు పెద్ద కాస్‌యాగర్ ఒక సలహా ఇచ్చాడు. నగరంలో కాలవలు పూడ్చేసి రోడ్లు వేద్దాం అన్నాడు. ఏ కాలవల్ని చూడటానికి ఇవాళ ప్రపంచమంతా టిక్కెట్టు కొనుక్కుని వెళ్తోందో, ఆ కాలవల్నే. 1967లో జోకినెన్ అనే అమెరికన్ ఇంకా పెద్ద పథకం తెచ్చాడు. పాత పేటలు కూల్చాలి, కాలవ పూడ్చాలి, ఆరు వరసల రోడ్డు నగరం నడిబొడ్డుకి రావాలి. చాలామంది తలలూపారు.

కాదన్నవాళ్ళు లేకపోలేదు. 1965లో ‘ప్రోవో’ అనే బృందం కుర్రాళ్ళు సైకిళ్ళకి తెల్లరంగు వేసి, తాళం వేయకుండా వీధిలో వదిలేశారు. ఎవరైనా ఎక్కండి, పనయ్యాక అక్కడే వదిలేయండి. ఆ ఆలోచన లూడ్ స్కిమ్మెల్‌పెనింక్‌ది. పోలీసులు వచ్చి సైకిళ్ళు ఎత్తుకుపోయారు. తాళం వేయకుండా సైకిలు వదలడం చట్టరీత్యా తప్పట! తరవాత ఆయన నగర సభలోకి వెళ్ళి అదే పథకం పెడితే సభ తోసిపుచ్చింది. రాబోయే కాలం కారుదే అని చెప్పి పంపారు.

1972లో ఆ దేశపు రోడ్ల మీద 3,200 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందెన్నడూ అంతమంది పోలేదు. రాబోయే కాలం అలా వచ్చి కూర్చుంది. దాన్ని లేపేదెవరు?

బృందం వాళ్ళు మొదట రోడ్డు మీదే కూర్చున్నారు.

పిల్లలు చనిపోయిన కూడళ్ళకి వెళ్ళారు. తల్లులు, తండ్రులు, తోపుడు బండ్లలో పసివాళ్ళు. ట్రాఫిక్ ఆగిపోయింది. హారన్లు మోగాయి, తిట్లు పడ్డాయి. వాళ్ళు కదల్లేదు. ఒకచోట సైకిళ్ళ మీద ఊరేగింపు. ఇంకోచోట వీధి మూసేసి పిల్లల ఆటలు. మార్ట్యె వాళ్ళ వీధిలో ఒక సాయంత్రం ఇళ్ళలోంచి బల్లలన్నీ బయటికొచ్చాయి. కార్లు తిరిగే చోట బల్లల వరస పడింది. గిన్నెలు, ప్లేట్లు, పొగలు కక్కే వంటకాలు. వీధంతా ఒక పంక్తిలో కూర్చుని భోంచేసింది.

పోలీసులు వచ్చారు.

అందరూ చెంచాలు పట్టుకునే బిగుసుకుపోయి ఉంటారు. పోలీసులు వీధి ఖాళీ చేయించలేదు. సాయం చేశారు. ఆ రోజుల్లో పోలీసులు భలే సహకరించేవాళ్ళని మార్ట్యె తరవాత చాలా ఏళ్ళకి గుర్తుచేసుకుంది.

ఇక మిగిలింది పైవాళ్ళు. 1973లో ప్రధాని అయిన యోప్ డెన్ ఔల్ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే మామూలు ఇంట్లో ఉండేవాడు. ఒకరోజు ఆ ఇంటి ముందు పెద్ద రాగం మొదలైంది. బృందం వాళ్ళు ఆర్గన్ వాద్యం ఒకటి తోలుకొచ్చారు. పాట ఎత్తుకున్నారు. పిల్లలకి భద్రమైన వీధులు కావాలన్నదే పాట. ప్రధాని ఇంటి ముందు, పగటిపూట, గొంతెత్తి. మన దగ్గరైతే మొదటి చరణం పూర్తయ్యేలోపు వ్యాన్ వచ్చి ఉండేది.

తలుపు తెరుచుకుంది. నడవ దాటి లోపలికి ఎవరినీ రానివ్వలేదు. కానీ ప్రధాని బయటికొచ్చాడు. నిలబడి విన్నాడు.

విన్నాడు సరే. చేస్తాడా? చేసేందుకు ఆయనకి ఒక సాకు కావాలి. అది ఎవరూ ఊహించని చోటునుంచి వచ్చిపడింది.

అక్టోబరు 1973. పశ్చిమాసియాలో యుద్ధం. ఇజ్రాయెల్ పక్షం వహించిందన్న కోపంతో అరబ్బు దేశాలు నెదర్లాండ్స్‌కి చమురు ఆపేశాయి.

నవంబరు 4, ఆదివారం. కార్లు బంద్. ప్రభుత్వం ఉత్తర్వు. అత్యవసరమైతే తప్ప ఎవరూ కారు తీయడానికి వీల్లేదు.

పొద్దున్నే జనం కిటికీలు తెరిచి ఉలిక్కిపడ్డారు. చప్పుడు లేదు. ఇంజిన్ల హోరు అలవాటైన చెవులకి చర్చి గంట ఇంత దగ్గరగా మోగుతుందని అప్పుడే తెలిసింది. ఒకరు బయటికొచ్చారు. తరవాత ఇద్దరు. గంట తిరిగేసరికి సైకిళ్ళు, చక్రాల బూట్లు, గుర్రాలు, తోపుడు బండ్లలో పసిపిల్లలు, చేతికర్ర ఊతంగా తాతలు, అందరూ కలిసి ఎన్నడూ కాలు పెట్టనివ్వని హైవే ఎక్కి, నడిమధ్య గీత మీద నడుచుకుంటూ, నవ్వుకుంటూ, ఇది మనదే కదా అన్నట్టు అటూ ఇటూ చూసుకుంటూ పోయారు.

ఆ ఆదివారాలు జనవరి 6 దాకా సాగాయి. డిసెంబరు 1న డెన్ ఔల్ టీవీలో కనిపించాడు. కళ్ళద్దాలు, అలసిన మొహం. చమురు సంక్షోభానికి ముందున్న ప్రపంచం ఇక తిరిగి రాదని దేశానికి చెప్పాడు.

కానీ చమురు తిరిగొచ్చింది. కార్లు తిరిగొచ్చాయి. హైవే మీద నడిచినవాళ్ళు మళ్ళీ ఫుట్‌పాత్ మీదకి సర్దుకున్నారు. అంతా అయిపోయినట్టేనా?

రాత్రి. వీధి దీపాల కింద రోడ్డు నల్లగా మెరుస్తోంది. సైకిళ్ళ మీద నలుగురైదుగురు వచ్చి దిగారు. చేతిలో డబ్బాలు, బ్రష్షులు. ఒకరు మలుపు దగ్గర కాపలా. మిగతావాళ్ళు వంగారు.

తెల్ల గీత పడింది. ఇంకాస్త ముందుకి. ఇంకాస్త. రంగు వాసన చలిగాలిలో కలిసింది.

1975లో సైకిలువాళ్ళంతా కలిసి సొంత సంఘం పెట్టుకున్నారు. తల్లిదండ్రుల బృందానిది కన్నీళ్ళూ కోపమూ అయితే, వీళ్ళది మొండితనం. ప్రమాదకరమైన వీధులేవో జాబితా రాశారు. నగరపాలిక సైకిలు బాట వేయలేదా? సరే, మేమే వేసుకుంటాం. రాత్రికి రాత్రి వేసిన గీతల్ని తెల్లారితే మునిసిపాలిటీ చెరిపేసేది. వీళ్ళు మళ్ళీ వేసేవాళ్ళు. ఒక్కోసారి పోలీసులకి దొరికిపోయేవాళ్ళు.

దొరకడమే వాళ్ళకి కలిసొచ్చింది. అరెస్టయితే పేపర్లో పడుతుంది. పేపర్లో పడితే నగర సభ్యులు జవాబు చెప్పుకోవాలి. జవాబు లేకపోతే గీత ఉంటుంది.

1970ల చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ వీధులు వేలాది సైకిళ్ళతో పోటెత్తాయి. మ్యూజియం ముందు మైదానంలో ఒక్కసారిగా బెల్లుల మోత ఆగింది. అందరూ దిగారు. సైకిళ్ళు పక్కన పడేసి, నేల మీద వెల్లకిలా పడుకున్నారు. వేలమంది. కార్ల కింద పడి చచ్చినవాళ్ళలాగా.

1978లో నగర సభలోకి కొత్తవాళ్ళు వచ్చారు. ట్రాఫిక్ బాధ్యత మైకేల్ ఫాన్ డెర్ ఫ్లిస్ చేతికి వచ్చింది. అప్పుడు తీసుకున్న నిర్ణయం ఒక్కటే: నగరం లోపల ఇక కారుకి కాదు మొదటి పీట. దుకాణదారులు గగ్గోలు పెట్టారు. ద హేగ్‌లో అయితే సైకిలు బాట పడితే వ్యాపారం మూతపడుతుందని వీధి వ్యాపారులు గట్టిగా అడ్డం తిరిగారు. ద హేగ్, టిల్‌బర్గ్ రెండూ ప్రభుత్వం డబ్బిచ్చి ప్రయోగంగా సైకిలు బాటలు వేయించిన ఊళ్ళు. బాటలు పడ్డాయి. సైకిళ్ళు పెరిగాయి. అంగళ్ళకి కొనేవాళ్ళు సైకిళ్ళ మీదా వస్తారన్నది నెమ్మదిగా తెలిసొచ్చింది.

డెల్ఫ్ట్ ఊళ్ళో ఇంకో తమాషా. వీధి మధ్యలో చెట్లు నాటారు. బల్లలు వేశారు. దారిని కావాలని వంకర్లు తిప్పారు. కారు రావచ్చు, కాకపోతే మనిషి నడిచే వేగంతో రావాలి, ఆడుకునే పిల్లాడి కోసం ఆగాలి. ఇలాంటి వీధిని ‘వోన్‌ఎర్ఫ్’ అంటారు. 1976లో చట్టం దానికి గుర్తింపునిచ్చింది. గద్దించి ఆపమంటే ఆగని డ్రైవర్ని ఒక చెట్టూ ఒక వంపూ ఆపేశాయి. బోర్డు మీద అక్షరాల కంటే రోడ్డు ఆకారమే ఎక్కువ చెబుతుందని వాళ్ళు కనిపెట్టిందిక్కడే. తల్లిదండ్రుల బృందం అప్పటికి ఒక పాత దుకాణంలో ఆఫీసు పెట్టుకుని, ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో ఇలాంటి వీధుల నమూనాలు గీస్తోంది. తిట్టినవాళ్ళే నక్షాలు ఇచ్చారన్నమాట.

చట్టం కూడా కదిలింది. ఇవాళ నెదర్లాండ్స్‌లో మోటారు వాహనం సైకిలు మీదున్న పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని గుద్దితే, నష్టపరిహారం మొత్తం వాహనం వైపు నుంచే రావాలి. పిల్లాడు చూసుకోకుండా అడ్డం వచ్చాడన్నా ఒప్పుకోరు. పెద్దవాళ్ళయినా కనీసం సగం వాహనమే భరించాలి. బరువైనదాన్ని నడిపేవాడిదే బరువైన బాధ్యత. హెల్‌ఫోర్ట్‌లో ఆ కొద్దిపాటి జరిమానా వేసిన రోజుల్లో ఈ మాట అంటే కోర్టు హాల్లో నవ్వేవాళ్ళు.

2010లో ఆ దేశపు రోడ్ల మీద చనిపోయిన పిల్లలు పద్నాలుగు మంది. నాలుగు వందలకు పైనుంచి పద్నాలుగుకి. అప్పటికి ‘పిల్లల హత్య ఆపండి’ అనే పేరు వాడుకలో లేదు. ఆ బృందం పేరు మార్చుకుని, 2000లో మిగతా రోడ్డు భద్రతా సంఘాలతో కలిసిపోయింది. మార్ట్యె ఐరోపా పార్లమెంటు సభ్యురాలైంది. డి పైప్ పేట పక్కన కాలవ కింద ఆరు వందల కార్లు పట్టే గ్యారేజీ 2018లో తెరిచారు. పైన వీధుల్లో కార్లు నిలిపే చోట్లు తీసేసి మొక్కలు పెట్టారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది.

2022లో నెదర్లాండ్స్ రోడ్ల మీద 291 మంది సైకిలు మీద వెళ్తూ చనిపోయారు. కార్లలో పోయినవాళ్ళకంటే ఎక్కువ. ఈసారి పిల్లలు కాదు. ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు, వాళ్ళలో చాలామంది బ్యాటరీ సైకిళ్ళ మీద ఉన్నవాళ్ళు. ఒకప్పుడు వీధికి అడ్డం కట్టిన పదేళ్ళ పిల్లలకి ఆ ఏడాదికి అరవై నిండాయి. కాళ్ళలో సత్తువ తగ్గింది, మోటారు వేగం పెంచింది, పక్కనుంచి లావు చక్రాల బ్యాటరీ సైకిళ్ళ మీద కుర్రాళ్ళు రివ్వున దూసుకెళ్తున్నారు. అప్పుడు గెలుచుకున్న సైకిలు బాట మీదే ఇప్పుడు కొత్త తగువు. హెల్మెట్ పెట్టుకోమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. వేగం తగ్గించమంటే కుర్రాళ్ళు వినరు.

నగరం మళ్ళీ కారునే అదుపు చేయబోయింది. 2023 డిసెంబరు 8న ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలా రోడ్ల మీద వేగం గంటకి ముప్పై కిలోమీటర్లు దాటకూడదని నిబంధన అమల్లోకి వచ్చింది. బోర్డులు మారాయి. ముప్పై మీద నడపాలంటే కాలు నొప్పి పుడుతోందని డ్రైవర్ల గొణుగుడు. ముప్పై కూడా ఎక్కువేనని సైకిలువాళ్ళ వాదన. సైకిలు బాట మీద వేగం సంగతేంటని ముసలివాళ్ళు అడిగారు. అప్పటికి దానికి ఎవరూ బోర్డు పెట్టలేదు.